అసలు కనపడలేదండీ

మార్చి 4

ఒరేయ్ బావమరిదీ,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం బాగున్నాం. నేను మాత్రం కొంచెం తక్కువ బాగున్నాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటి, అదీ ఇంటికి కాకుండా డ్రైవింగ్ స్కూలు అడ్రసుకేమిటి అని నువ్వు అడుగుతావు. మా ఇంట్లో ఫోను మాట్లాడితే మీ అక్క చెవులు వంటింట్లోంచి నడిచొస్తాయి. మెసేజీ పెడదామంటే సగం రోజు నా ఫోను ఆమె చేతిలోనే ఉంటుంది. అందుకని టైలరు షాపులో బల్ల అంచున కూర్చుని, కత్తిరించిన గుడ్డ ముక్కల మధ్య ఇది రాస్తున్నాను.

సంగతేమిటంటే, సోమవారం పొద్దున్న ఒక కుట్టు మిషను సరిగ్గా కుట్టడం లేదంటే చూడ్డానికి బయల్దేరాను. పనిముట్ల సంచీ బండి వెనక కట్టి, నెమ్మదిగానే పోతున్నాను. మందుల షాపు పక్క సందులోంచి ఒక కారు వచ్చి ఆగింది. లోపల ఉన్నావిడ నావైపు తిరిగింది. నా కళ్ళలోకి చూసిందిరా! చూసింది కదా, ఆగుతుంది కదా అని నా దారిన నేను పోతున్నాను. సరిగ్గా నేను దగ్గరికి వచ్చేసరికి కారు తీసుకొచ్చి నా ముందు పెట్టింది. బ్రేకు వేశాను. బండి ఒకవైపు జారింది, నేను ఒకవైపు జారాను, సంచీలో మరలూ బాబిన్లూ రోడ్డంతా దొర్లాయి.

ఆవిడ దిగి పరుగెత్తుకొచ్చి ఏమందో తెలుసా? “అయ్యో, మీరు అసలు కనపడలేదండీ!”

నేను! కనపడలేదంట! మా పెళ్ళి ఫోటోలో నా వెనక నిలబడ్డ మీ నాన్న ఈ రోజుకీ కనపడడు. అంత మనిషిని పట్టపగలు నడిరోడ్డు మీద ఆవిడకి కనపడలేదంట. మోకాలు గీసుకుపోయింది, మోచెయ్యి గీసుకుపోయింది, అది మానిపోతుంది. ఆ మాట మానడం లేదు.

ముందు పన్ను కూడా కొంచెం విరిగింది. విచిత్రం ఏమిటంటే ఆవిడ పళ్ళ డాక్టరు. “నా దగ్గరికి రండి, నేనే బాగు చేస్తాను” అని బతిమాలింది. పన్ను విరగ్గొట్టేదీ ఆవిడే, అతికించేదీ ఆవిడే. వ్యాపారం అంటే అదీ.

మీ అక్కకి టైలరు షాపు మెట్ల మీంచి జారానని చెప్పాను. నిజం చెబితే బండి అమ్మేస్తుంది. బండి పోతే నా పని పోయినట్టే. మిషను తలకాయ ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కలేను కదా. నువ్వు పొరపాటున కూడా నోరు జారకు. రోజూ కార్లు నేర్పేవాడివి, నీకు తెలుస్తుంది: నేను ఎందుకు కనపడలేదో చెప్పు.

పన్ను తక్కువైన
నీ బావ

*

మార్చి 9

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం కంటే ముందే అక్క ఫోను వచ్చింది. “ఒరేయ్, ఆ టైలరు షాపు రోడ్డుకి సమానంగా ఉంటుంది. దానికి గడప కూడా లేదు. మీ బావ ఏ మెట్ల మీంచి పడ్డాడురా?” అని అడిగింది. అప్పటికి నాకేమీ తెలియదు కనుక “షాపు మేడమీదికి మార్చారేమో అక్కా” అన్నాను. ఆమె వెంటనే వెళ్ళి చూసొచ్చిందట. షాపు ఉన్నచోటే ఉందట. ఇక మీ పాట్లు మీరు పడండి.

అసలు సంగతికి వస్తాను. ఆవిడ అబద్ధం చెప్పలేదు. కారు నడిపేవాళ్ళ కన్ను కారంత వస్తువు కోసం వెతుకుతుంది. ఎదుటినుంచి చూస్తే మోటారు సైకిలు ఒక సన్నటి గీత. దాని మీద ఎంత మనిషి కూర్చున్నా గీత గీతే, కోపం తెచ్చుకోకండి. ఆవిడ తల మీవైపు తిరిగింది, అంతవరకే నిజం. తల తిరిగినంత మాత్రాన చూసినట్టు కాదు. కళ్ళని నమ్మకండి, కారు ముందు చక్రాన్ని చూడండి. అది కదిలిందంటే కారు వస్తున్నట్టే. సందు దగ్గరికి వచ్చేటప్పుడు వేళ్ళు బ్రేకు మీద ఉండాలి.

ఇంకొకటి. మీ బండి బూడిదరంగు. చొక్కా బూడిదరంగు. హెల్మెట్ కూడా అదే. మురికి కనపడదని మీరే గొప్పగా చెప్పుకునేవారు. రోడ్డుదీ అదే రంగు బావగారూ. మురికితోపాటు మీరూ కనపడకుండా పోయారు.

పగలైనా సరే ముందు లైటు వేసుకోండి. మెరిసే రంగు కోటు ఒకటి తొడుక్కోండి. బస్సుల పక్కన, లారీల పక్కన నక్కి పోకండి, వాళ్ళ అద్దంలో మీకు వాళ్ళ మొహం కనపడకపోతే వాళ్ళకి మీరు లేనట్టే. మీ అద్దాలు కూడా సరిచేసుకోండి. పోయినసారి నేను మీ బండి ఎక్కితే ఒక అద్దంలో ఆకాశం, ఇంకో అద్దంలో మీ భుజం కనపడ్డాయి.

అక్కకి నిజం చెప్పేయడం మంచిదని నా సలహా. వినరని తెలుసు.

మీ బావమరిది

*

మార్చి 20

ఒరేయ్,

జీవితంలో మొదటిసారి నన్ను సన్నటి గీత అన్నవాడివి నువ్వే. ఉత్తరం దాచుకున్నాను.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. కోటు సంగతి మన చిటికె టైలరుకి చెప్పాను. ఏ బట్ట ఇచ్చినా “చిటికెలో కుట్టేస్తా” అని నెలలు తిప్పుతాడు, అందుకే ఆ పేరు. అలాంటివాడు నా దెబ్బ సంగతి విని నిజంగానే చిటికెలో కుట్టేశాడు. నిమ్మపండు రంగు. ఛాతీ మీద, చేతుల మీద వెలుగు పడితే మెరిసే వెండి పట్టీలు. అక్కడితో ఆగితే బాగుండేది. “ఇంత వీపు ఖాళీగా ఎందుకు సార్?” అని “కుట్టు మిషన్లు బాగు చేయబడును” అని నల్ల అక్షరాలు కుట్టి, కింద నా ఫోను నంబరు కూడా వేశాడు.

కోటు వేసుకుని రోడ్డెక్కాను. కనపడ్డానురా! అందరికీ కనపడ్డాను. ఒక పెద్దాయన నన్ను ఆపి తన వీధిలో నీళ్ళ పైపు ఎప్పుడు బాగు చేస్తారని నిలదీశాడు. నేను ఆ డిపార్టుమెంటు కాదంటే “మీరంతా ఇలాగే అంటారు” అని తిట్టాడు. కూడలిలో సిగ్నల్ లైట్లు పనిచెయ్యడం లేదు, నేను ఆగి ఒక చెయ్యి ఎత్తి చెమట తుడుచుకుంటే రెండు వైపులా వాహనాలు ఆగిపోయాయి. నాకు తెలీకుండానే “మీరు రండి, మీరు ఆగండి” అని కాసేపు నడిపించేశాను.

అయితే ఒక చిక్కు వచ్చింది. వెనకవాళ్ళు అక్షరాలు చదవడానికి నా వీపు దాకా వచ్చేస్తున్నారు. నిన్న ఒక కారు మరీ మీదకి వస్తోంది, అంతలో నా జేబులో ఫోను మోగింది. పక్కకి ఆపి చూస్తే ఆ కారాయనే. “మీరు జిగ్‌జాగ్ మిషన్లు కూడా చూస్తారా?” అంటాడు, కారు నడుపుతూనే!

ఇంట్లో మీ అక్క తీరు బాగోలేదు. అద్దాలు సరిచేసుకుంటూ బండి మీద చాలాసేపు కూర్చున్నానని కిటికీలోంచి చూసి పెద్ద నిట్టూర్పు విడిచింది. పన్ను కోసం ఎప్పుడు రావాలో చెప్పడానికి డాక్టరమ్మ ఫోను చేస్తే నేను పెరట్లోకి వెళ్ళి మాట్లాడి వచ్చాను. అప్పట్నుంచి మాట లేదు. కంచం పెట్టిన చప్పుడు మాత్రం మూడిళ్ళకి వినపడుతోంది. నువ్వేమైనా అన్నావా?

నిమ్మపండు రంగు
బావ

*

మార్చి 26

బావగారికి,

ముందు ఆ అక్షరాలు విప్పించేయండి. ఫోను నంబరు ఇవాళే విప్పించండి. మిమ్మల్ని చూడాలి గానీ చదవకూడదు.

ఇక నేనేమన్నానో చెబుతాను. కుర్చీలో కూర్చుని చదవండి.

అక్క ఫోను చేసింది. “మీ బావ ఈ వయసులో నిమ్మపండు రంగు కోటు కుట్టించుకున్నాడు. పట్టపగలు లైటు వేసుకుని తిరుగుతున్నాడు. అద్దం వదలడం లేదు. ఏమైందిరా ఈ మనిషికి?” అంది. మీరు నోరు కట్టేశారు కదా. నిజం చెప్పకూడదు, అక్కతో అబద్ధం ఆడలేను. అందుకని, “ఏమీ లేదక్కా, బావగారికి నలుగురికీ కనపడాలని కోరిక పుట్టింది, అంతే” అన్నాను.

“నలుగురికా? ఆ నలుగురిలో ఎవరికి?”

నేను మాట మార్చి వాతావరణం గురించి అడిగాను. ఆమె మార్చనివ్వలేదు. “పళ్ళ డాక్టరమ్మ అని ఫోనులో పేరుంది. ఎవరావిడ?” అంది. “వాళ్ళిద్దరికీ మొదట్లో కొంచెం గట్టిగానే తగులుకుంది గానీ ఇప్పుడు బాగానే ఉన్నారట” అన్నాను. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు.

నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదని మీరు గమనించాలి. ఇప్పుడైనా చెప్పేయండి బావగారూ. ఆలస్యం చేసేకొద్దీ నా నిజాలు మీకు మరింత ప్రమాదం.

భయంతో
మీ బావమరిది

*

ఏప్రిల్ 2

ఒరేయ్ నిజాయితీపరుడా,

నీ ఉత్తరం అందేలోపే అంతా అయిపోయింది.

డాక్టరమ్మ కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉన్నాను. నోట్లో దూది, నీళ్ళ గొట్టం, ఆవిడ రెండు చేతులు. ఫోనులో నంబరు పట్టుకుని ఆచూకీ తీసిందట, తలుపు తోసుకుని మీ అక్క వచ్చింది. నేను లేవబోయాను. డాక్టరమ్మ “కదలకండి” అని గడ్డం పట్టుకుంది. ఆ పట్టుకోవడం మీ అక్క చూసింది.

“ఈయన మీకు ఎలా పరిచయం?” అని అడిగింది. నేను “ఆ... ఆ...” అంటున్నాను, అంతకంటే రాదు. డాక్టరమ్మ మొహం తెల్లబోయింది. మీ అక్క ఎవరో ఆవిడకి అర్థమైంది. “క్షమించండమ్మా. నేనే ఈయన్ని గుద్దేశాను” అంది.

“గుద్దారా?”

“కారుతో.”

మీ అక్క అక్కడున్న స్టూలు మీద కూలబడింది. ముందు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఏడుపు వచ్చేసింది. డాక్టరమ్మ కూడా ఏడ్చింది. వాళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చుంటే నేను నోరు తెరుచుకుని పైకప్పు చూస్తూ ఉన్నాను. నన్ను ఇద్దరూ మరిచిపోయారు.

ఇంటికొచ్చాం. అప్పుడంది మీ అక్క: “ఇంకో ఆడమనిషి ఉందనుకుని ఇన్ని రోజులు కుళ్ళిపోయాను. అది పోయిందని సంతోషించనా? మీరు రోడ్డు మీద పడ్డారని డాక్టరుకి తెలుసు, టైలర్లకి తెలుసు, నా తమ్ముడికి తెలుసు. నాకే తెలీదు. రోజూ మీరొచ్చేదాకా వీధివైపు చూసేదాన్ని నేను.”



బండి తాళం తీసి తన దగ్గర పెట్టుకుంది. అమ్మేస్తుందనే అనుకున్నాను. మర్నాడు పొద్దున్న తనూ ఒక హెల్మెట్ కొనుక్కొచ్చి, “పదండి, ఎలా కనపడరో నేనూ చూస్తాను” అని వెనక ఎక్కింది. కూరగాయల మార్కెట్ దాకా వెళ్ళాం. ఒక వ్యాను మమ్మల్ని పట్టించుకోకుండా మా మీదకి జరిగింది, నేను ముందే నెమ్మది చేశాను కాబట్టి సరిపోయింది. ఒకాయన చూడకుండా కారు తలుపు తీశాడు. మీ అక్క గొంతు నీకు తెలుసుగా, “బాబూ! వెనక మనుషులున్నారు!” అని ఒక్క కేక వేసింది. ఆ తలుపు ఇప్పటికీ మూసే ఉండి ఉంటుంది. దిగి, హెల్మెట్ తీసి, “రోజూ ఇంతేనా?” అంది. “రోజూ ఇంతే” అన్నాను. తాళం ఇచ్చేసింది. వారానికి ఒకసారి వెనక కూర్చుని వస్తుందట, నేను నేర్చుకున్నవి మరిచిపోయానేమో చూడ్డానికి.

కింద ఏదో రాస్తానంటోంది.

నీ బావ

ఒరేయ్ తమ్ముడూ, వాతావరణం బాగానే ఉంది. నీ సంగతి కలిసినప్పుడు చెబుతాను. — అక్క

*

ఏప్రిల్ 19

బావగారికి,

ఈ ఉత్తరంలో వేళాకోళం లేదు. మన్నించండి.

నా దగ్గర ఒక లెక్చరరు గారు కారు నేర్చుకుంటున్నారు. జాగ్రత్త మనిషి, నేను చెప్పిందే చేస్తారు. శుక్రవారం ఆవిడ చేత కూడలి దాటిస్తున్నాను. ఆవిడ ఆగారు. నేను అటు చూశాను, ఇటు చూశాను. “ఖాళీగా ఉంది, వెళ్ళండి” అన్నాను. కారు కదిలింది. కారు ముందు గాజు పక్కనుండే ఇనుప స్తంభం చాటునుంచి మోటారు సైకిలు మీద ఒక అమ్మాయి వచ్చింది. నా వైపు ఒక బ్రేకు ఉంటుంది కదా, దాన్ని నిలువునా తొక్కాను. ఆ అమ్మాయి కూడా తొక్కింది. ఆమె ముందు చక్రానికీ మా తలుపుకీ మధ్య నా చెయ్యి పట్టేంత జాగా లేదు.

పడలేదు. దెబ్బ తగల్లేదు. హెల్మెట్ తీసింది. ఎర్రటి కోటు వేసుకుంది, లైటు వెలుగుతోంది. అన్నీ సరిగ్గానే చేసింది బావగారూ. నేను దిగి వెళ్ళి ఆమెతో ఏమన్నానో మీరు ఊహించగలరు. “అమ్మా, నువ్వు అసలు కనపడలేదమ్మా.” ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఆమె నన్ను తిట్టలేదు. కారు మీద స్కూలు బోర్డు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

లెక్చరరు గారు స్టీరింగు వదిలేసి “నేను ఇక నడపను” అన్నారు. మర్నాటి నుంచి రాలేదు. నేనూ స్కూలుకి వెళ్ళడం లేదు, జ్వరమని చెప్పాను. మీకు అంత పెద్ద పాఠాలు చెప్పాను. నేను నిజంగా చూశాను బావగారూ. ఆమె ఉన్నవైపే చూశాను.

మీ
బావమరిది

*

ఏప్రిల్ 23

ఒరేయ్ నాన్నా,

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. ఇప్పుడు ఈ ఇంట్లో దాపరికాలు లేవు. ఆమె అప్పుడే చీరలు సర్దుతోంది. ఆదివారం బస్సుకి వస్తున్నాం.

రెండు మాటలు ముందే చెప్పనీ. నన్ను గుద్దిన మనిషి మీద నాకు కోపం ఎందుకు పోయిందో తెలుసా? పన్ను బాగుచేసినందుకు కాదు. ఆవిడ కూడా చాలా రోజులు కారు తియ్యలేదట. తర్వాత ఒకరోజు, ఎలాగూ తియ్యాలి కాబట్టి, బాగా చూడ్డం మళ్ళీ మొదట్నుంచి నేర్చుకుందామనుకుందట. ఇప్పుడు సందు చివర ఆగి కోడిలాగా మెడ ముందుకి, వెనక్కి ఆడించి, స్తంభం చాటున కూడా చూసి అప్పుడు కదులుతుంది. వెనకవాళ్ళు హారన్ కొడితే కొట్టుకోనిస్తుంది. నవ్వొచ్చేలా ఉంటుంది గానీ నేను నవ్వలేదు. నా మొహం చూసి నేర్చుకున్న మెడ అది.

నువ్వు చూశావు, కనపడలేదు. నిజమే. కానీ బ్రేకు తొక్కావు. ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళింది. దానికి నువ్వు జ్వరం పెట్టుకుని పడుకుంటే, స్తంభం చాటు సంగతి ఆ లెక్చరరు గారికి ఎవరు చెబుతారు? ముందు ఆవిడ ఇంటికి వెళ్ళు. వెళ్ళమన్నది నువ్వేనని, తప్పు ఆవిడది కాదని చెప్పు. ఆవిడ తనదే తప్పనుకుని కూర్చుని ఉంటుంది.

ఇంకో మాట. నీ స్కూలు వెనక ఖాళీ స్థలం ఉందని ఎప్పుడో అన్నావు. నాకో బండి దొరికేలా చూడు. నీ స్టూడెంట్లని కారులో కూర్చోబెట్టు. నేను చుట్టూ తిరుగుతాను. ఎక్కడ మాయమవుతానో వాళ్ళే చూస్తారు. ఇంత మనిషి మాయమైతే ఎవరికైనా గుర్తుంటుంది.

నీ బావ

*

మే 14

బావగారికి, అక్కకి,

మీరు బస్సెక్కి వెళ్ళిన దగ్గర్నుంచి స్కూలు బోసిపోయింది. ఆ రోజు మీరు స్తంభం చాటులోకి వెళ్ళినప్పుడల్లా అక్క కారు లోపల్నుంచి “మా ఆయన పోయాడు! మళ్ళీ వచ్చాడు!” అని అరుస్తూ ఉంటే స్టూడెంట్లు కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వినవాళ్ళంతా తమ వంతు వచ్చి ఆ సీట్లో కూర్చోగానే నోరు మూసేశారు. అంత దగ్గర్లో, ఆ రంగు కోటుతో, మీరు నిజంగానే మాయమైపోతుంటే వాళ్ళ మొహాలు నేను చూశాను. పదేళ్ళు నోటితో చెప్పినా అలా ఎక్కదు.

లెక్చరరు గారి ఇంటికి మీరు చెప్పకపోయి ఉంటే వెళ్ళేవాణ్ణి కాదు. మీరన్నట్టే ఉంది. ఆవిడ తనదే తప్పనుకుని, నాకు క్షమాపణ ఎలా చెప్పాలా అని కూర్చుని ఉన్నారు. ఇద్దరం ఒకేసారి “నాదే తప్పండీ” అన్నాం. తర్వాత టీ తాగాం.

ఆవిడకి నిన్న లైసెన్సు పరీక్ష. నేను బయట గేటు దగ్గర నిలబడ్డాను. పరీక్ష పెట్టే ఆయన పక్కన కూర్చున్నాడు. కూడలి దగ్గర ఆవిడ ఆపారు. మెడ ముందుకి వంచారు, వెనక్కి వాల్చారు, మళ్ళీ వంచారు. రోడ్డు మీద పురుగు కూడా లేదు. ఆయన విసుక్కుని “ఎవరూ లేరు కదమ్మా, ఇంకా ఎందుకు ఆగారు?” అన్నాడట.

“ఎవరూ లేరని నాకు ఇంకా తెలియలేదండీ” అన్నారట ఆవిడ. ఇంకోసారి చూసి, అప్పుడు కదిలారు.

ఆ తర్వాత కారు వెనక్కి పెట్టమంటే తిన్నగా తీసుకెళ్ళి గోడకి ఆనించారు. ఫెయిలయ్యారు. వచ్చే నెల మళ్ళీ పరీక్ష. బయటికొచ్చి ఆవిడ బెదురుతూ “మీ పరువు తీశాను కదా” అన్నారు. నా కళ్ళు ఆవిడకి కనపడకూడదని అటు తిరిగి కారు అద్దం తుడిచాను బావగారూ. ఆవిడ అది కోపమనుకుని దారిపొడుగునా బతిమాలుతూ వచ్చారు.

రేపు పొద్దున్న ఆవిడకి గోడల పాఠం. ఆ శుక్రవారం తర్వాత మొదటిసారి కారు నేనే నడిపి తీసుకెళ్తున్నాను.

మీ
బావమరిది